ఈఎస్ఆరా, సీఆర్పీయా, ప్యాకేజీయా: రక్తనాళాల వాపు ఉన్నవాళ్లు ఏ రక్త పరీక్షకి డబ్బు పెట్టాలి

మా చెల్లెకి తకయాసు ఆర్టిరైటిస్ అని తేలి ఆరేళ్లు దాటింది. గుండె నుంచి చేతులకి, మెదడుకి, కిడ్నీలకి రక్తం మోసుకుపోయే పెద్ద నాళాల గోడలు వాచి, గట్టిపడి, లోపలి దారి సన్నబడిపోయే జబ్బు అది. ఎక్కువగా నలభై లోపు ఆడవాళ్లకి వస్తుంది. తనకి ఇరవై ఆరేళ్లప్పుడు మొదలైంది. "జడ ఏసుకుంటుంటే చెయ్యి గుంజుతున్నదక్కా, నడిమిట్ల ఆపి దించుకోవాల్సొస్తున్నది" అని ఫోన్లో చెప్పేది. నేనేమో రక్తం తక్కువైంది, పల్లీలు బెల్లం తిను అనేదాన్ని. మాది దేవరకొండ దగ్గర ఊరు. నల్లగొండకి, హైదరాబాద్‌కి తిరిగి తిరిగి ఇప్పుడు ఇంట్లో రిపోర్టులే బియ్యం సంచికి సగం ఉన్నాయి.

ఇట్లాంటి జబ్బు ఉన్న ఇళ్లలో రెండు మూడు నెలలకోసారి అదే ప్రశ్న వస్తుంది. ఈసారి ఏ టెస్టులు చేయించాలి? ఈఎస్ఆర్ చాలా, సీఆర్పీ కావాలా, హెచ్ఎస్ సీఆర్పీ అని ఇంకోటి రాసి ఉంది అదేంటి, లేకపోతే ల్యాబ్ వాళ్లు చెప్పే డెబ్బై ఎనభై టెస్టుల ఫుల్ బాడీ ప్యాకేజీ తీసుకుంటే అన్నీ అందులోనే వచ్చేస్తాయా? నేను డాక్టర్ని కాదు. మందు పెంచాలా తగ్గించాలా అన్నది మీ డాక్టరే చెప్పాలి. కానీ ఏ నంబర్ ఏ ప్రశ్నకి జవాబు చెప్తుందో తెలిస్తే డబ్బు మిగులుతుంది, టెన్షన్ తగ్గుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా మేం పడ్డ పొరపాటులో మీరు పడకుండా ఉంటారు. అదేంటో కింద చెప్తాను.

ముందు ఈఎస్ఆర్, సీఆర్పీ సంగతి

ఈఎస్ఆర్ అంటే రక్తాన్ని సన్నటి గొట్టంలో నిలువుగా పెట్టి, గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూడడం. ఒంట్లో వాపు ఉన్నప్పుడు ఫైబ్రినోజెన్ లాంటి ప్రోటీన్లు పెరుగుతాయి, వాటివల్ల ఎర్రకణాలు నాణేలు పేర్చినట్టు ఒకదానికొకటి అతుక్కుని బరువుగా త్వరగా దిగిపోతాయి. అంటే ఇది వాపుని పక్కదారిన కొలుస్తోంది. రక్తహీనత ఉన్నా కణాలు త్వరగా దిగుతాయి, గర్భంతో ఉన్నా, వయసు పెరిగినా, కిడ్నీ జబ్బు ఉన్నా, టీబీ ఉన్నా ఈఎస్ఆర్ పెరుగుతుంది. మన వైపు ఆడవాళ్లలో హిమోగ్లోబిన్ తొమ్మిది, పది దగ్గర ఉండడం మామూలే కదా. అట్లాంటి మనిషికి ఈఎస్ఆర్ 45 వస్తే అందులో రక్తనాళాల వాటా ఎంత, రక్తహీనత వాటా ఎంత అని ఆ ఒక్క అంకె చూసి ఎవరూ చెప్పలేరు. మా చెల్లెకి జబ్బు పేరు తేలకముందు ఎనిమిది నెలలు గడిచింది ఇందుకే. ఈఎస్ఆర్ ఎక్కువుంది అంటే ముందు రక్తం తక్కువ అన్నారు, తర్వాత టీబీ ఏమో అని చూశారు. చివరికి ఒక డాక్టరమ్మ రెండు చేతులకీ బీపీ చూసి, ఎడమ చేతి నాడి దొరకడం లేదని గుర్తుపట్టింది.

సీఆర్పీ వేరు. ఇది లివర్ తయారుచేసే ఒక ప్రోటీన్. ఒంట్లో ఎక్కడైనా ఇన్‌ఫ్లమేషన్, అంటే ఈ వాపు, మొదలైతే ఇంటర్‌ల్యూకిన్ 6 అనే కబురు లివర్‌కి చేరుతుంది, లివర్ ఈ ప్రోటీన్‌ని వదలడం మొదలుపెడుతుంది. 1930లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిలెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని మొదట గమనించారు. కొన్ని గంటల్లోనే పెరగడం మొదలై రెండు రోజుల్లో పై అంచుకి చేరుతుంది, కారణం ఆగిపోతే దాదాపు 19 గంటలకోసారి సగమవుతూ దిగుతుంది. ఈఎస్ఆర్ దిగాలంటే వారాలు పడుతుంది. కాబట్టి వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు కొత్తగా మొదలుపెట్టారు లేదా డోసు మార్చారు, మందు పట్టిందా లేదా అని తొందరగా తెలియాలంటే నా ఎంపిక సీఆర్పీ. ఒక్కదానికే డబ్బులున్నా అదే.

మరి ఈఎస్ఆర్ వద్దా అంటే, నేను పూర్తిగా వదిలేయమనను. అన్నిటికన్నా చవక, చిన్న ల్యాబ్‌లో కూడా చేస్తారు, నెలల తరబడి జబ్బు ఎటు పోతుందో చూడడానికి ఒక గీతలా పనికొస్తుంది. జబ్బు ఎంత చురుగ్గా ఉందో లెక్కకట్టడానికి మన దేశపు రుమటాలజిస్టులే (ఇట్లాంటి వాపు జబ్బులు చూసే డాక్టర్లు) తయారుచేసిన ఇండియన్ తకయాసు స్కోర్ ఒకటి ఉంది, ఐటాస్ 2010 అంటారు. డాక్టర్ నాడి, బీపీ, లక్షణాలు చూసి అంకెలు వేస్తారు, దానికే ఐటాస్ ఏ అనే ఇంకో రూపంలో ఈఎస్ఆర్ లేదా సీఆర్పీని కలుపుతారు. రెండూ కలిపి చేయిస్తే ఇంకో లాభం, రెండూ ఒక మాట మీద లేనప్పుడు అదే ఒక కబురు. ఈఎస్ఆర్ ఎక్కువ, సీఆర్పీ మామూలు అయితే మేం ముందు హిమోగ్లోబిన్ చూస్తాం. ఈఎస్ఆర్ మామూలుగా ఉండి సీఆర్పీ ఒక్కసారిగా ఎగిరితే, గొంతు నొప్పి ఉందా, మూత్రంలో మంట ఉందా, పన్ను వాచిందా అని అడుగుతాం. ఎందుకంటే సీఆర్పీకి ఇన్‌ఫెక్షన్‌కి, రక్తనాళాల వాపుకి తేడా తెలియదు, స్టెరాయిడ్ వాడేవాళ్లకేమో ఇన్‌ఫెక్షన్లు ఊరికే వస్తుంటాయి.

ఊళ్లలో ఉండేవాళ్లు పట్టించుకోవాల్సిన ఇంకో తేడా ఉంది, దీన్ని ఎవరూ చెప్పరు. ఈఎస్ఆర్ రక్తాన్ని మామూలు గది వేడిలో అయితే నాలుగు గంటల్లోపు పరీక్షకి పెట్టాలి. గొట్టం కాస్త వంగినా, గది బాగా వేడిగా ఉన్నా అంకె తప్పుగా పెరుగుతుంది. చందంపేటలోనో అచ్చంపేట అవతల ఊళ్లోనో పొద్దున రక్తం తీసి, బండి మీద పెట్టుకుని, ఇంకో రెండు చోట్ల శాంపిళ్లు తీసుకుని, మే నెల ఎండలో మధ్యాహ్నానికి టౌన్‌కి చేరితే ఆ ఈఎస్ఆర్‌ని నేనైతే నమ్మను. సీఆర్పీకి ఆ బెడద తక్కువ. సీరం వేరుచేసి ఫ్రిజ్‌లో పెడితే రోజులు నిలుస్తుంది. కాబట్టి శాంపిల్ దూరం పోవాలంటే సీఆర్పీ, ల్యాబ్‌లోనే కూర్చుని రక్తం ఇస్తే రెండూ.

స్టెరాయిడ్ షుగర్‌ని పెంచుతుంది కాబట్టి మేం అదీ చేయిస్తాం, ఆ శాంపిల్‌కీ ఇదే సంగతి. రక్తాన్ని ఊరికే ఉంచితే అందులోని కణాలే గంటకి 5 నుంచి 7 శాతం షుగర్‌ని తినేస్తాయి. అందుకే బూడిద రంగు మూత ఉన్న ట్యూబులో తీస్తారు, అందులో సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. మర్రిగూడ, మునుగోడు నీళ్లలో ఎముకల్ని వంచేసిన ఫ్లోరైడే ఇక్కడ షుగర్‌ని కాపాడుతోందని తెలిసినప్పుడు నాకు చాలా వింతగా అనిపించింది. మీ ముందు రక్తం తీసేటప్పుడు మూత రంగు చూడండి, వేరే రంగు ట్యూబులో తీస్తుంటే అడగండి, తప్పేం లేదు.

మేం పడ్డ పొరపాటు

మూడో ఏడు వానాకాలంలో చెల్లె సీఆర్పీ 18 ఉంది. డాక్టర్ మందు పెంచి, ఆరు వారాలకి మళ్లీ చేయించుకుని రమ్మన్నారు. అప్పుడు నాట్లు పడుతున్నాయి, ఎప్పుడూ పోయే ల్యాబ్‌కి పోలేక దగ్గర్లో ఇంకో చోట చేయించాం. 2.4 వచ్చింది. ఇంట్లో పండగే. బాపు అయితే "గిప్పుడు గింత తక్కువైంది గదా, నాట్లయినంక పోదాం తియ్" అన్నాడు. నెల దాటాక పోతే డాక్టర్ రిపోర్ట్ చూసి నిట్టూర్చారు. మొదటి ల్యాబ్ లీటరుకి మిల్లీగ్రాముల్లో ఇచ్చింది, రెండోది డెసిలీటరుకి. పదితో గుణించాలి. అంటే 2.4 కాదు, 24. తగ్గడం సంగతి అటుంచి పెరిగింది, మేం ఇంట్లో కూర్చున్న ఆ నెలలో చేతి నొప్పి కూడా పెరిగింది, పిల్ల మమ్మల్ని చూసి చెప్పకుండా ఊరుకుంది.

అందుకే నా మొదటి సలహా ఏ టెస్ట్ అన్నదాని కంటే ఎక్కడ అన్నదే. ఒకే ల్యాబ్, ప్రతిసారీ అదే. తప్పనిసరై మారాల్సి వస్తే అంకె పక్కన ఎంజీ/ఎల్ అని ఉందా, ఎంజీ/డీఎల్ అని ఉందా చూసి, పుస్తకంలో అన్నిటినీ ఒకే లెక్కలోకి మార్చి రాసుకోండి. పక్కనే వాళ్లు వేసే మామూలు హద్దు కూడా రాసుకోండి, 5 లోపు అని ఉంటే ఎంజీ/ఎల్, 0.5 లోపు అని ఉంటే ఎంజీ/డీఎల్ అని దాంతోనే తెలిసిపోతుంది.

హెచ్ఎస్ సీఆర్పీ ఎవరికి

ప్యాకేజీల్లో ఎక్కువగా ఉండేది ఇదే. పేరు చూసి ఇదేదో సీఆర్పీ కంటే మంచిది అనుకుంటాం. రెండింటిలోనూ కొలిచేది అదే ప్రోటీన్‌ని, తేడా త్రాసులో ఉంది. మిర్యాలగూడ మిల్లులో వడ్లు తూచే కాంటా ఒకటి, కంసాలి దగ్గర బంగారం తూచే త్రాసు ఒకటి. హెచ్ఎస్ సీఆర్పీ బంగారం త్రాసు. జబ్బేమీ లేని మనిషిలో కూడా సన్నగా ఉండే ఇన్‌ఫ్లమేషన్‌ని పట్టి, ముందు ముందు గుండెపోటు ముప్పు ఎంత అని అంచనా వేయడానికి దాన్ని వాడతారు. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు తక్కువ ముప్పు, 1 నుంచి 3 మధ్యరకం, 3 దాటితే ఎక్కువ అని లెక్క. 10 దాటితే ఇంకేదో వాపో ఇన్‌ఫెక్షనో ఉందని అర్థం, రెండు వారాలాగి మళ్లీ చేయమంటారు.

తకయాసు లాంటి జబ్బు చురుగ్గా ఉన్న మనిషికి 20, 30 ఉంటాయి. వాళ్లకి మామూలు సీఆర్పీ చాలు. యాభై ఏళ్లు దాటి, కాస్త బీపీ, కాస్త కొలెస్ట్రాల్ ఉండి, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు మొదలుపెట్టాలా వద్దా అని డాక్టర్ ఆలోచిస్తుంటే అప్పుడు హెచ్ఎస్ సీఆర్పీ ఉపయోగం. 2017లో కాంటోస్ అని పదివేల మందికి పైగా గుండెపోటు వచ్చినవాళ్ల మీద చేసిన పరిశోధనలో, కొలెస్ట్రాల్ ముట్టుకోకుండా ఇన్‌ఫ్లమేషన్‌ని మాత్రమే తగ్గించే ఇంజెక్షన్ ఇచ్చినా గుండెపోట్లు తగ్గాయి. అంటే మామూలు కొవ్వు పేరుకునే జబ్బులో కూడా వాపు పాత్ర ఉంది. లావుగా ఉన్నవాళ్లలో, పొగ తాగేవాళ్లలో ఈ అంకె ఊరికే కాస్త ఎక్కువుంటుంది, స్టెరాయిడ్ వల్ల ఒళ్లు పెరిగిన వాళ్లలో కూడా.

రిపోర్ట్ నార్మల్ అంటే జబ్బు నిద్రపోయినట్టేనా

కాదు. ఇక్కడ కాస్త ఆగి చదవండి. 1994లో అమెరికాలోని ఎన్ఐహెచ్ అనే సర్కారు వైద్య పరిశోధన సంస్థ వాళ్లు 60 మంది తకయాసు రోగుల్ని చూసి రాసిన దాంట్లో, జబ్బు చురుగ్గా ఉన్నవాళ్లలో ఈఎస్ఆర్ పెరిగింది 72 శాతంలోనే. ఇంకోపక్క జబ్బు సద్దుమణిగింది అనుకున్న వాళ్లలో సగానికి కాస్త తక్కువ మందికి ఈఎస్ఆర్ ఎక్కువే ఉంది. అంటే అంకె రెండు వైపులా తప్పుదారి పట్టించగలదు. అందుకే నాళాల్ని చూపించే స్కాన్లు, డాప్లరో, సీటీ లేక ఎమ్ఆర్ యాంజియోనో డాక్టర్ రాస్తే, "సీఆర్పీ నార్మలే కదా సార్, మళ్లీ స్కాన్ ఎందుకు" అని వాయిదా వేయకండి. ఇంట్లో మీరు చేయగలిగింది, రెండు చేతుల బీపీ తేడా చూడడం. రెండు చేతుల నాళాలూ సన్నబడితే చేతి బీపీ తక్కువగా, మోసంగా చూపిస్తుంది, అప్పుడు కాలికి చూడాలి, ఎట్లా చూడాలో డాక్టర్ దగ్గర నేర్చుకోండి.

తొసిలిజుమాబ్ అనే ఇంజెక్షన్ వాడేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. అది ఇంటర్‌ల్యూకిన్ 6 దారినే మూసేస్తుంది, కబురే చేరకపోతే లివర్ సీఆర్పీని వదలదు. నాళంలో వాపు ఉన్నా, ఒంట్లో ఇన్‌ఫెక్షన్ ఉన్నా సీఆర్పీ కింద పడి ఉంటుంది. ఆ మందు మీద ఉన్నప్పుడు ప్రతి నెలా సీఆర్పీ చేయించి సంతోషపడడంలో అర్థం లేదు.

మా చిన్నమ్మ కొడుకుది ఇంకో కథ. మహబూబ్‌నగర్ జిల్లా, పదిహేడేళ్లకే మేస్త్రీ పనికి పుణె పోయాడు, రోజుకి రెండు కట్టల బీడీలు. ముప్పై ఎనిమిదేళ్లకి కాలి బొటనవేలు నల్లబడింది, రాత్రుళ్లు నొప్పితో నిద్ర లేదు. షుగర్ వల్ల అనుకున్నాం, షుగర్ లేదు. ఈఎస్ఆర్, సీఆర్పీ రెండూ నార్మల్. రిపోర్టులన్నీ మంచిగున్నాయి, ఏం లేదు అని నెలలు పోయాయి. అది బర్గర్స్ జబ్బు. చిత్రం ఏంటంటే తకయాసు అనే జపాన్ కంటి డాక్టర్, న్యూయార్క్‌లో లియో బర్గర్, ఇద్దరూ తమ తమ జబ్బుల గురించి 1908లోనే చెప్పారు. బర్గర్స్ ఎక్కువగా పొగాకు వాడే చిన్న వయసు మగవాళ్లలో చేతుల, కాళ్ల చిన్న, మధ్యరకం నాళాల్ని మూసేస్తుంది, ఇందులో ఈఎస్ఆర్, సీఆర్పీ నార్మల్‌గా ఉండడమే మామూలు. ఇక్కడ రక్త పరీక్షలు చేసేది వేరే కారణాలు లేవని తేల్చుకోవడానికి: షుగర్, లిపిడ్, లూపస్ లాంటి జబ్బులకి ఏఎన్ఏ, రక్తం గడ్డకట్టే జబ్బులకి యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు. ఇవి నెలనెలా చేయించేవి కావు. ఆ తర్వాత వేలని, కాలిని కాపాడేది పొగాకు పూర్తిగా మానడం ఒక్కటే, బీడీ ఒక్కటి తాగినా జబ్బు నడుస్తూనే ఉంటుంది, గుట్కా, జర్దా కూడా లెక్కలోకే వస్తాయి. వాడు మానేశాడు. బొటనవేలు పోయింది, పాదం నిలిచింది.

షుగర్, కొలెస్ట్రాల్: ఎప్పుడు చేయించాలి అన్నదే అసలు ఎంపిక

స్టెరాయిడ్ మాత్ర పొద్దున వేసుకుంటే షుగర్ పెరిగేది మధ్యాహ్నం, సాయంత్రం. పరగడుపు షుగర్ 90 ఉండి, అన్నం తిన్నాక 240 ఉండొచ్చు. అందుకని స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లకి పరగడుపు, తిన్నాక అని రెండిటిలో ఒకటే అంటే, నేను మధ్యాహ్నం అన్నం తిన్న రెండు గంటలకి చేసేదే ఎంచుకుంటాను. గ్లూకోమీటర్ ఇంట్లో ఉంటే ఇంకా సులువు. హెచ్‌బీఏ1సీ మూడు నెలల సగటు చెప్తుంది, ఉదయం ఖాళీ కడుపుతో పోనక్కర్లేదు, మంచిదే. కానీ ఐరన్ తక్కువై వచ్చిన రక్తహీనతలో అది ఉన్నదాని కంటే ఎక్కువ చూపించొచ్చు. స్టెరాయిడ్ మొదలుపెట్టిన మొదటి నెలలో అయితే పెరిగిన షుగర్ అందులో ఇంకా పూర్తిగా కనపడదు కూడా. హిమోగ్లోబిన్ తక్కువున్న మనిషికి హెచ్‌బీఏ1సీ ఒక్కటే చూసి షుగర్ ఉందనీ లేదనీ తేల్చకండి.

కొలెస్ట్రాల్‌ది ఇంకా విచిత్రం. వాపు బాగా చురుగ్గా ఉన్నప్పుడు ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్ కిందికి దిగుతుంది, హెచ్‌డీఎల్ అనే మంచిది కూడా. ఆ సమయంలో లిపిడ్ ప్రొఫైల్ చేయించి, అబ్బ కొలెస్ట్రాల్ భలే తక్కువుంది అనుకుంటాం. మందు పనిచేసి వాపు తగ్గాక అది మళ్లీ పైకొస్తుంది, అప్పుడు మందు వల్ల కొలెస్ట్రాల్ వచ్చిందని భయపడి మందు మానేసేవాళ్లని చూశాను. దయచేసి ఆ పని చేయకండి. లిపిడ్ ప్రొఫైల్ జబ్బు సద్దుమణిగాక చేయించండి, ఏడాదికోసారి లేదా డాక్టర్ చెప్పినప్పుడు. దాంతోపాటు జీవితంలో ఒక్కసారి లైపోప్రోటీన్ ఏ చేయించుకోవడం మంచిది. అది పుట్టుకతో వచ్చే అంకె, తిండితో పెద్దగా మారదు, ఎక్కువుంటే గుండె, నాళాల ముప్పు ఎక్కువ. ఒకసారి చేశాక ప్రతి ఏడూ ప్యాకేజీలో దానికి మళ్లీ డబ్బు కట్టక్కర్లేదు.

కిడ్నీలు ఎట్లా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్‌ని మాత్రం తప్పించకండి. తకయాసులో కిడ్నీకి పోయే నాళం సన్నబడితే బీపీ పెరుగుతుంది, రెండు వైపులా సన్నబడిన వాళ్లకి కొన్ని బీపీ మందులు వేస్తే క్రియాటినిన్ పైకి పోతుంది. ఈ జబ్బుకి ఇచ్చే ఇంకో మందు మెతోట్రెక్సేట్ వాడేవాళ్లకి లివర్ ఎంజైములు, సీబీపీ (రక్తకణాల లెక్క) తప్పనిసరి.

పక్కన పెట్టదగ్గవి

ఇంటర్‌ల్యూకిన్ 6, డీ డైమర్ కోవిడ్ రోజుల్లో అందరి నోళ్లలో నానాయి. ఇంటర్‌ల్యూకిన్ 6 ఖరీదు ఎక్కువ, నెలనెలా చూసుకునే వాళ్లకి సీఆర్పీ చెప్పేదానికంటే అది అదనంగా చెప్పేది తక్కువ. డీ డైమర్ కాలు ఒక్కసారిగా వాచినప్పుడు, ఊపిరి ఆడనప్పుడు గడ్డ ఉందేమో చూడడానికి. హోమోసిస్టీన్ విటమిన్ బి12, ఫోలేట్ తక్కువైతే పెరుగుతుంది. విటమిన్ వేస్తే అంకె దిగుతుంది కానీ పెద్ద పరిశోధనల్లో గుండెపోట్లు ఆ మేరకు తగ్గలేదు. ఫెర్రిటిన్ ఐరన్ కోసం చేయిస్తే గుర్తుంచుకోండి, వాపు ఉంటే అది ఊరికే పెరుగుతుంది, నార్మల్ ఉన్నా ఐరన్ తక్కువై ఉండొచ్చు.

న్యూట్రోఫిల్, లింఫోసైట్ అనే రెండు రకాల తెల్లకణాల నిష్పత్తి గురించి ఈమధ్య బాగా చెప్తున్నారు. సీబీపీలో ఉండే రెండు అంకెల్ని భాగిస్తే వస్తుంది, ఖర్చు లేదు. కానీ స్టెరాయిడ్ వేసుకుంటే న్యూట్రోఫిల్స్ దానంతటవే పెరుగుతాయి, మా చెల్లెకి దాంతో పని లేదు.

ఇక ప్యాకేజీ. మేం రెండుసార్లు కొన్నాం. విటమిన్లు, థైరాయిడ్, కాల్షియం అన్నీ ఉన్నాయి, మామూలు సీఆర్పీ లేదు, తిన్నాక షుగర్ లేదు. కొనేముందు లిస్టు అడిగి ఈ రెండూ వెతకండి. సర్కారు వైపు చూస్తే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఇస్తే తెలంగాణ డయాగ్నస్టిక్స్ జిల్లా హబ్‌లో ఉచితంగా చేస్తారు. సీబీపీ, క్రియాటినిన్, లిపిడ్ లాంటివి అక్కడ చేయించి, మిగిలిన డబ్బుని సీఆర్పీకో, స్కాన్‌కి హైదరాబాద్ పోయే ఖర్చుకో దాచుకోవడం మా పద్ధతి. ఏ టెస్టులు నడుస్తున్నాయో ముందు రోజే అడిగి పొండి.

ఈ నెల చెల్లె చిట్టీలో ఉన్నవి ఇవి: సీఆర్పీ, ఈఎస్ఆర్, సీబీపీ, క్రియాటినిన్, లివర్ టెస్టులు, మధ్యాహ్నం తిన్నాక షుగర్. లిపిడ్ సంక్రాంతి తర్వాత. ఈసారి నల్లగొండ వచ్చి ల్యాబ్‌లోనే రక్తం ఇస్తుంది, పొద్దున మొదటి బస్సుకి. పుస్తకంలో తేదీ, ల్యాబ్, యూనిట్, ఆ రోజు వేసుకుంటున్న స్టెరాయిడ్ డోసు, జలుబు జ్వరం ఏమైనా ఉందా, రెండు చేతుల బీపీ, ఇంకా ఒక గడి తనే గీసుకుంది: జడ మొత్తం చెయ్యి దించకుండా వేసుకోగలిగిందా లేదా. పోయిన నెల అక్కడ "ఏసుకున్న" అని రాసి ఉంది.